మంచం దగ్గరికొచ్చిన ప్రభువు బల్ల

మా మేనత్త కాళ్లకు ముప్పు తెచ్చింది బాత్రూంలో జారిపడటం కాదు, మా వాళ్ల ప్రేమ. ఈ మాట అంటే మా బంధువుల్లో సగం మందికి ఈ రోజుకీ కోపం వస్తుంది. రానివ్వండి. ఆ రోజుల్లో నాకొచ్చిన కోపం ముందు వాళ్లదెంత!

నేను నర్సును. బీదర్‌లోనే పుట్టి పెరిగాను. హైదరాబాద్ చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయిపోయి, ఎటు చూసినా అద్దాల మేడలు లేస్తున్న కాలంలో అక్కడొక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఎముకల వార్డులో కొన్నేళ్లు పనిచేసి, మళ్లీ ఊరికొచ్చేశాను. తుంటి విరిగిన ముసలివాళ్లను ఆపరేషన్ అయిన మర్నాడే లేపి నిలబెట్టడం అక్కడ నా పని. వాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. ఒక పెద్దమనిషైతే ఉర్దూలో మా ఏడు తరాలనూ తలుచుకున్నాడు. కొన్నాళ్లకు అదే పెద్దమనిషి వరండాలో నడుస్తూ ఎదురుపడి సలాం చేశాడు. అందుకే ముసలివాళ్ల తిట్లకు నేను భయపడను. వాళ్ల చుట్టూ చేరే మంచివాళ్లను చూస్తేనే నాకు వణుకు.

మా అత్తమ్మ, అంటే మా నాన్నకు అక్క, చిట్గుప్ప దగ్గర పొలం పనుల్లో పెరిగిన మనిషి. సన్నటి ఒళ్లు, పెద్ద నోరు. పొద్దున్నే సంచీ చంకన పెట్టుకుని మార్కెట్‌కు నడిచేది. కూరగాయలామెతో కన్నడలో, ఆటోవాడితో ఉర్దూలో, కమలనగర్ నుంచి ఉల్లిగడ్డ తెచ్చే ముసలాయనతో మరాఠీలో కొట్లాడి, మిగిలిన కోపం ఇంటికి తెచ్చి మా మీద తెలుగులో తీర్చుకునేది. ఆదివారం అందరికంటే ముందు చర్చికి పోయి ఆడవాళ్ల వైపు మొదటి వరసలో కూర్చునేది. డెబ్బై దాటినా ఆమెను ఎవరూ ముసలిదనుకోలేదు. ప్రత్యేకంగా పట్టించుకోనూ లేదు. నడిచే ముసలివాళ్లను ఎవరు పట్టించుకుంటారు?

పడ్డాక పట్టించుకున్నారు. ఒక పొద్దున బాత్రూంలో జారింది, తుంటి ఎముక విరిగింది. ఆమె కొడుకు, నాకు వరసకు బావ, అప్పట్లో హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాట్లు అమ్మించేవాడు. వారంలో సగం రోజులు అక్కడ, సగం ఇక్కడ. చెవి దగ్గర ఫోన్ ఎప్పుడూ ఉండేది. తల్లిని కారులో పడుకోబెట్టుకుని హైదరాబాద్ తీసుకుపోయి మంచి ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేయించాడు. ఆ విషయంలో అతన్ని తప్పుపట్టను. ఇంటికి పంపే రోజు నేను పక్కనే ఉన్నాను. వాకర్ పట్టుకుని రోజూ నడవాలి, ఎంత నడిస్తే అంత మంచిది, కింద మాత్రం కూర్చోవద్దు, మోకరించవద్దు అని డాక్టరు చెప్పాడు. బావ బుద్ధిగా తలూపాడు. వాకర్ కూడా అదే కారులో వచ్చింది.

బీదర్ చేరాక ఆ వాకర్ మీద తువ్వాళ్లు ఆరేశారు. నేను కళ్లారా చూశాను. చీర ఒకటి, తువ్వాళ్లు రెండు, బావ బనియను ఒకటి.

గదిలో చూస్తే ఇంకో ఆశ్చర్యం. హైదరాబాద్ నుంచి ఆసుపత్రి మంచం దిగింది. పక్కనున్న పిడి తిప్పితే తలవైపు లేస్తుంది. దాని మీద గాలి పరుపు, గోడ వారగా పెద్దవాళ్లకు కట్టే డైపర్ల కట్టలు. ఆ మంచాన్ని చూడటానికి సందులో వాళ్లంతా వచ్చి పోతున్నారు. బావ ప్రతి ఒక్కరికీ పిడి తిప్పి చూపిస్తున్నాడు.

"వాకర్ ఎందుకు పక్కన పెట్టిండ్రు బావా? డాక్టర్ ఏం చెప్పిండు?" అని అడిగాను.

"డాక్టర్లు అందరికీ అట్లనే చెప్తరు. మల్ల పడితే? నువ్వొచ్చి చూస్తవా?" అన్నాడు. "మా అమ్మ జిందగీల మస్తు తక్లీఫ్ పడ్డది. ఇగ రాణీ లెక్క ఆరామ్ జేయని. హైదరాబాద్‌ల పెద్దోళ్ల ఇండ్లల్ల పోయి చూడు, పెద్దమనుషులను గిట్లనే చూసుకుంటరు."

హైదరాబాద్‌లో పెద్దోళ్ల ఇళ్లలో పెద్దమనుషులకు వీపు మీద పడే పుండ్లు కడిగిన చేతులు నావి. ఆ సంగతి చెప్పబోయాను. బావకు ఫోన్ వచ్చింది.

అతని భార్యను నేను అక్క అంటాను. అంత ఓపిక ఉన్న మనిషి మా కుటుంబంలో మరొకరు లేరు. ఆ ఓపికే నా ప్రాణం తీసింది. అత్తమ్మకు ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. "అక్కా, విరిగింది తుంటి గదా, చేతులు కాదు గదా?" అంటే నవ్వి ఇంకో ముద్ద పెట్టేది. తల దువ్వేది, మొహం తుడిచేది. నీళ్లు మాత్రం కొంచెం కొంచెంగా పోసేది. ఎందుకని అడిగితే, "ఎక్కువ తాగితే మాటికోసారి పాస్ అయితది, పాపం అత్తమ్మకు ఇబ్బంది గదా," అంది. ఆ నీళ్లు తగ్గించే మర్యాద వల్ల అత్తమ్మకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, జ్వరంతో మాటలు తడబడ్డాయి. చచ్చిపోయిన మా తాతను పిలిచి మేకలు తోలుకొచ్చావా అని అడిగింది. ఇంట్లో అందరూ ఏడ్చారు, వయసైపోయిందన్నారు. నేను మందులు ఇప్పించి, చెంబుడు నీళ్లు మంచం పక్కన పెట్టి కూర్చున్నాను. జ్వరం తగ్గింది, మేకలూ పోయాయి. నీళ్లు తాగించినందుకు నన్నెవరూ మెచ్చుకోలేదు కానీ, ప్రార్థనల వల్ల బాగైందని చర్చిలో సాక్ష్యం మాత్రం చెప్పారు. ప్రార్థన మీద నాకేం కోపం లేదు, నేనూ చేస్తాను. చెంబును కూడా తలుచుకుంటే బాగుండేదని మాత్రమే నా బాధ.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, అంటే ప్రభువు భోజన సంస్కారం, ఉంటుంది. ఆ రోజు లేవలేని వాళ్ల ఇంటికి మధ్యాహ్నం పాస్టరు అయ్యగారు స్వయంగా వస్తారు. చిన్న పెట్టెలో రొట్టె, ద్రాక్షరసం తెస్తారు. వెంట సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వాళ్లు వస్తారు. ఒకసారి ఎవరి ఇంటికైనా బల్ల రావడం మొదలైతే, ఆ మనిషి పోయేదాకా వస్తూనే ఉంటుంది. మధ్యలో లేచి మళ్లీ చర్చికి వచ్చినవాళ్లను నా ఎరుకలో చూడలేదు. లేవమని ఎవరూ అడగరు. అడిగితే మర్యాద కాదు.

అత్తమ్మ ఇంటికి బల్ల వచ్చిన మొదటిసారి నేను అక్కడే ఉన్నాను. పొద్దుటి నుంచీ ఇల్లు కడిగారు. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, ఆమెకు తెల్ల చీర కట్టి, కదలొద్దని చెప్పి పడుకోబెట్టారు. అయ్యగారు రొట్టె ముక్క ఆమె నోట్లో పెట్టారు. ఆడవాళ్లు పాట పాడుతూ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత అందరికీ చాయ్, మిక్చర్. ఒక్కొక్కరే మంచం దగ్గరికొచ్చి ఆమె చేయి పట్టుకుని పోయారు. మార్కెట్‌కు పోయేటప్పుడు ఎదురుపడినా పలకరించని వాళ్లు కూడా ఆ రోజు నుదురు ముట్టుకున్నారు. అత్తమ్మ మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం శవాన్ని సిద్ధం చేసినట్టు అనిపించింది. అక్కతో అదే మాట అన్నాను. ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

నేను మాత్రం రోజూ డ్యూటీ అయ్యాక వెళ్లేదాన్ని. వాకర్ మీద తువ్వాళ్లు తీసి అవతల పడేసి, అత్తమ్మను అంచున కూర్చోబెట్టి కాళ్లు వేలాడదీయించేదాన్ని. కళ్లు తిరిగితే ఆగడం, మళ్లీ లేపడం. మడమ ఆడించమనేదాన్ని, మోకాలు చాపమనేదాన్ని. పప్పు, గుడ్డు తింటే తప్ప వదిలేదాన్ని కాదు. పట్టుకుని నిలబెట్టేదాన్ని. "నన్ను సంపుతున్నది రా ఇది!" అని సందంతా వినపడేలా అరిచేది. "ఇంకా గట్టిగ అరువు అత్తమ్మా, ఊపిరితిత్తులకు గూడ మంచిదే," అనేదాన్ని. నేను బయటికి రాగానే అక్క ఆమెను మళ్లీ పడుకోబెట్టి కాళ్లు పిసికేది. నేను ఒక పక్క కట్టిన గోడను ఇంకో పక్క వీళ్లు కూల్చేవాళ్లు.

ఒకరోజు డ్యూటీ తొందరగా అయిపోయి పగటిపూటే వెళ్లాను. ఇంట్లో ఎవరూ లేరు. లోపలి నుంచి అత్తమ్మ గొంతు ఖంగుమని వినిపిస్తోంది. తలుపు సందులోంచి చూస్తే, మంచం కడ్డీ పట్టుకుని రెండు కాళ్ల మీద నిలబడి, కిటికీలోంచి బయట తోపుడుబండి ఆమెను కన్నడలో దులుపుతోంది. వంకాయలన్నీ పుచ్చులేనట. బండామె కూడా తక్కువ తినలేదు. అత్తమ్మ ఒక చేయి కడ్డీ మీంచి తీసి వేలు చూపించి మరీ తిడుతోంది. నేను తలుపు తోశాను. చూసింది. మెల్లగా మంచం మీద కూర్చుని, పడుకుని, దుప్పటి కప్పుకుని, "అమ్మా, యేసయ్యా," అని మూలిగింది.

నాకు నవ్వొచ్చింది. వెంటనే అంతకు రెట్టింపు కోపం వచ్చింది.

"నిలబడొస్తదన్నమాట నీకు!"

"ఎవరికి చెప్పకే," అంది. గొంతు తగ్గించి ఆమె మాట్లాడగా వినడం నాకదే మొదలు. "లేస్తే ఇగ ఎవరొస్తరు బిడ్డా? కొడుకు గూడ ఇప్పుడే గద పక్కన కూసుంటున్నడు."

ఆ మాటకు ఆమె మీద కోపం అక్కడే చల్లారిపోయింది. కానీ నిలబడగలిగే మనిషికి నిలబడకపోతేనే ఆదరణ దొరికేలా చేసిన మా అందరి మీదా కోపం మండింది. కొడుకు పక్కన కూర్చోవాలంటే తల్లి కాళ్లు చచ్చిపోవాలా? ఇంకొన్ని నెలలు ఇలాగే పడుకుంటే నటించాల్సిన అవసరం కూడా ఉండదు. కండ కరిగిపోతుంది, కీళ్లు బిగుసుకుపోతాయి, అప్పుడు ఆమె లేవాలనుకున్నా లేవలేదు. ఆ ఆఖరి దశను నేను వార్డులో చాలాసార్లు చూశాను.

మర్నాడు అయ్యగారి ఇంటికి పోయాను. "వచ్చే నెల అత్తమ్మ దగ్గరికి బల్ల తీసుకరాకండి. చర్చికొస్తేనే ఇస్తమని చెప్పండి," అన్నాను.

ఆయన మంచి మనిషి. బిత్తరపోయారు. "అదేం మాట సిస్టరమ్మా? ప్రభువు భోజనం ఆపుతరా ఎవరన్న? రేపు ఆమెకేమన్న అయితే దేవునికి నేనేం జవాబు చెప్పాలె?"

"ఆమె కాళ్లు మంచంల ఎండిపోతే ఏం జవాబు చెప్తరో గది గూడ ఆలోచించుండ్రి అయ్యగారూ. ఆపమంటలే. ఆమెను పిలువుండ్రి అంటున్న. రోగుల కోసం ప్రార్థన చేస్తరు గద, లేచిన రోగిని చూడాలని మీకు లేదా?"

పెద్దగా మాట్లాడేశాను. అయ్యగారి భార్య వంటింట్లోంచి తొంగిచూసింది. ఆయన గడ్డం నిమురుకున్నారు. "ఒక్క నెల," అన్నారు చివరికి.

ఆ మొదటి ఆదివారం అత్తమ్మ ఇంట్లో ఎప్పటిలాగే తెల్ల దుప్పటి పరిచారు. చాయ్‌కి పాలు తెచ్చారు. మధ్యాహ్నం దాటింది, ఎవరూ రాలేదు. నేనే వెళ్లి, ఎందుకు రాలేదో చెప్పాను. దాచడం నాకు చేతకాదు.

బావ నా మీదికి వచ్చినంత పని చేశాడు. "మా అమ్మకు భోజనం ఆపించినవా? పది మందిల మా ఇజ్జత్ తీసినవు! నర్సువైతే ఆసుపత్రిల ఉండు!"

"అమ్మ లేస్తే నీ ఇజ్జత్ పోతదా బావా?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తమ్మ మాత్రం మంచం మీద ఒక మోచేతి మీద లేచి, నా వైపు వేలు చూపించింది.

"నీకేం తెల్సునే సేవ అంటే? నువ్వు హైదరాబాద్‌ల నర్సు చదువు చదువుకుంట కూసున్నప్పుడు మీ అమ్మను ఎవరు చూసుకున్నరు? నేను! పక్షవాతం తగ్గుతాంది, మెల్లగ నడిపియ్యుండ్రి అని డాక్టర్లు అన్నా నేను ఒక్క దినం గూడ ఆమెను కాలు కింద పెట్టనియ్యలే. మంచంలనే స్నానం, మంచంలనే బువ్వ. పువ్వు లెక్క చూసుకున్న. నాకు నేర్పుతున్నవా నువ్వు?"

అది నిజం. మా అమ్మను అత్తమ్మ పువ్వులా చూసుకుంది. సందులో ఇప్పటికీ ఆ సేవ గురించి చెప్పుకుంటారు. అమ్మ నడుస్తానని సైగ చేసేదట, వద్దని పడుకోబెట్టేవారట. వీపంతా పుండ్లు పడి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, చలికాలం దాటకుండానే పోయింది. ఇన్నేళ్లూ ఆ సంగతి నేను అత్తమ్మ ముందు ఎత్తలేదు. ఆ రోజు ఎత్తాను.

"అట్ల చూసుకున్నవు గాబట్టే అమ్మ పోయింది అత్తమ్మా. రోగంతోని పోలే. పండుకునీ పండుకునీ పోయింది."

 అత్తమ్మ మోచేయి జారి దిండు మీద పడింది. బావ నన్ను బయటికి పొమ్మన్నాడు. వచ్చేశాను. అంత మాట ఎందుకన్నావని మా ఆయన కూడా కోప్పడ్డాడు. ఆ మాట అన్నందుకు నేను అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ బాధపడను. మా అమ్మ విషయంలో ఎవరో ఒకరు ఆ మాట ముందే అని ఉండాల్సింది.

మర్నాడు ఏమైతే అయిందని మళ్లీ వెళ్లాను. బావ హైదరాబాద్ పోయాడు. అక్క గేటు తీసి పక్కకు జరిగింది. గదిలో వాకర్ మంచానికి ఆనించి ఉంది. దాని మీద తువ్వాళ్లు లేవు. అత్తమ్మ నా మొహం చూడలేదు. కాళ్లు కిందికి దించి, రెండు చేతులతో వాకర్ పట్టుకుని, నేను చెప్పేదాకా ఆగకుండా లేచింది.

ఆ నెలంతా అలాగే గడిచింది. నాతో ఒక్క మాట లేదు. "వీపు నిటారుగ పెట్టు" అంటే పెట్టేది. "ముందు వాకర్, తర్వాత కాలు" అంటే అలాగే వేసేది. గదిలోంచి వసారాకు, వసారాలోంచి గేటుకు వచ్చాం. అక్క ముద్దలు కలపడం మానేసి పళ్లెం చేతికిచ్చింది. డైపర్ల కట్టలు అటక ఎక్కాయి. నేను ఒకందుకు సంతోషపడ్డాను, ఒకందుకు ఉడికిపోయాను. ఇంత చేయగలిగిన మనిషిని ఇన్నాళ్లు పడుకోబెట్టారే అని దారిలో నాలో నేనే గొణుక్కునేదాన్ని.

మళ్లీ మొదటి ఆదివారం వచ్చింది. చర్చి మా సందు చివరే. బావ కారు తీసి గేటు ముందు పెట్టి తలుపు తెరిచి నిలబడ్డాడు. అత్తమ్మ కారు పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది. నేను వెనక, కొంచెం దూరంగా నడిచాను. చర్చి గుమ్మంలో ఆమెను చూసి సంఘ పెద్దలు ఇద్దరు ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. కుర్చీతో సహా ఎత్తి లోపల పెడతారట. "జరుగుండ్రి" అంది. పోయి తన పాత చోట కూర్చుంది.

బల్ల సమయం వచ్చింది. వరస తర్వాత వరస లేచి, ముందున్న అడ్డకమ్మీల కటాంజనం దగ్గర మోకరించి, రొట్టె, రసం తీసుకుని వస్తున్నారు. అత్తమ్మ వంతు వచ్చింది. వాకర్ పట్టుకుని లేవడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. అయ్యగారు అది చూశారు. ఆయన మంచితనం ఆయన్ని ఊరుకోనివ్వలేదు. పళ్లెం, గిన్నె పట్టుకుని మెట్లు దిగి ఆమె వైపు రాసాగారు. చర్చిలో అందరి మొహాల్లో అదే మెత్తదనం, అదే అయ్యో పాపం.  లేచి అరుద్దామనుకున్నాను.

"ఆడ్నే ఉండుండ్రి అయ్యగారూ," అంది అత్తమ్మ. "మీరు కిందికొస్తే నేను మల్ల మంచమెక్కాలె."

ఆయన మెట్టు మీద ఆగిపోయారు. తర్వాత వెనక్కి తిరిగి పైకెక్కి తన చోట నిలబడ్డారు. బావ లేవబోతే అక్క అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. అత్తమ్మ నడిచింది. పాడుతున్న వాళ్లు ఎప్పుడు ఆపారో తెలియదు, రాతి నేల మీద వాకర్ చప్పుడు మాత్రం వినిపించింది. కటాంజనం దగ్గర ఆమె మోకరించలేదు. నిలబడే, అరచేయి చాపి రొట్టె తీసుకుని తన చేత్తో తన నోట్లో పెట్టుకుంది.

తిరిగొస్తూ నా వరస దగ్గర ఆగింది. నెల రోజుల తర్వాత మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"మీ అమ్మకు గూడ గిట్ల తిట్టేటోళ్లు ఒక్కరుంటే బతుకుతుండెనే బిడ్డా," అంది.

ఆమె గొంతు మామూలుగానే పెద్దది. చర్చంతా విన్నది.